రైలు దిగితే కూర్చోవడానికి బల్ల ఉండేది

మా రోజుల్లో అమెరికాలో ఊరన్నాక రైలు స్టేషను ఉండేది. స్టేషనన్నాక తల మీద కప్పు, కూర్చోవడానికి బల్ల, గోడకు గడియారం, కిటికీ వెనక బదులు చెప్పే మనిషి ఉండేవారు. ఇవాళ చాలా ఊళ్ళలో స్టేషను పేరుతో ఉన్నది చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒక సిమెంటు దిమ్మ, దాని మీద మూడు గాజుపలకల నీడ, ఒక చెత్తబుట్ట, రైలు సంగతి తెలియాలంటే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండని ఒక బోర్డు. వానొస్తే పక్కల నుంచి జల్లు కొడుతుంది. మంచు పడితే ఇక చెప్పనక్కర్లేదు, కార్లో హీటరు వేసుకుని కూర్చుని పట్టాల వైపు చూస్తూ ఉండాలి. కారు లేనివాడి సంగతి ఎవరికీ పట్టదు. అసలు కారు లేనివాడికే కదా రైలు ముందు కావలసింది!

"తాతయ్యా, టికెట్ ఫోన్లో వచ్చేస్తుంది కదా, ఇంకా బిల్డింగ్ ఎందుకు?" అంటాడు మా మనవడు. టికెట్ ఫోన్లో వస్తుంది, కాదనను. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మకు కూర్చునే చోటు ఫోన్లో రాదు. రైలు రెండు గంటలు ఆలస్యమైనప్పుడు చంటిపిల్లను పడుకోబెట్టుకోవడానికి వెచ్చటి గది ఫోన్లో రాదు. ఈ మాటంటే వాడు నవ్వి ఊరుకుంటాడు. చూడనిది ఎలా తెలుస్తుంది వాడికి? వాడు పుట్టడానికి చాలా ముందే ఈ దేశంలో మంచి స్టేషన్లు చాలావాటిని నేలమట్టం చేశారు.

నేను ఒహాయోలో యూనివర్సిటీ చదువుకు 1969లో వచ్చాను. విమానం న్యూయార్కులో దిగింది. అక్కణ్ణుంచి కొలంబస్‌కు మళ్ళీ విమానమెక్కే స్తోమత లేక రైల్లో వచ్చాను. పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ అనే రెండు పెద్ద రైల్వే కంపెనీలు కలిసిపోయి పెన్ సెంట్రల్‌గా మారిన రోజులవి. బోగీల సీట్లు చిరిగిపోయి ఉండేవి, కంపెనీ అప్పుల్లో మునిగిపోతోంది. అయినా తెల్లవారాక కొలంబస్‌లో దిగి, మెట్లెక్కి హై స్ట్రీట్ మీదికి వచ్చేసరికి ఎదురైన కమానుల వరుసను నేను మరిచిపోలేదు. డేనియల్ బర్నమ్ గీసిన కట్టడం, 1897 నాటిది. పెద్ద పెద్ద కమానులు, జంట స్తంభాలు, పైన శిల్పాలు, కమానుల కింద దుకాణాలు. చేతిలో ఒక్క పెట్టె, జేబులో కొద్దిపాటి డాలర్లు ఉన్న విదేశీ కుర్రాడికి కూడా ఆ ఊరు అదే కమాను కిందుగా దారి ఇచ్చింది. గవర్నరుకూ అదే దారి, నాకూ అదే. స్టేషను ఊరికి వాకిలి. వచ్చిన మనిషికి ఊరు ఎంత మర్యాద చేస్తుందో అక్కడే తెలిసిపోయేది.

పెద్ద ఊళ్ళ స్టేషన్ల గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం చిన్న ఊళ్ళ స్టేషన్ల మీదే ప్రాణం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. జీవితమంతా పల్లెటూరి స్టేషన్లలో ఏజెంటుగా చేసి రిటైరైన మనిషి. వరండాలో కూర్చుని ఆయన చెప్పినవి విన్నాకే ఆ చిన్న కట్టడాల్లో ఎంత తెలివి ఉందో నాకు అర్థమైంది. నేను సివిల్ ఇంజనీరును. ఒక గోడ ఎందుకక్కడ ఉందో చెప్తే సంతోషించే జాతి మాది.

పల్లె స్టేషను మామూలుగా పొడవాటి చెక్క కట్టడం. ఒక చివర ప్రయాణికుల గది, రెండో చివర సరుకుల గది, నడుమ ఏజెంటు ఆఫీసు. ఆ ఆఫీసు గోడ పట్టాల వైపుకు కాస్త ముందుకు పొడుచుకు వచ్చి మూడు వైపులా కిటికీలతో ఉండేది. అలంకారానికి కాదు. ఏజెంటు కుర్చీలోంచి లేవకుండా, టెలిగ్రాఫ్ మీద చెయ్యి తియ్యకుండా, అటునుంచి వచ్చే రైలునూ ఇటునుంచి వచ్చే రైలునూ చూడాలి. చూరు గోడకు ఎన్నో అడుగులు అవతలికి దిగేది. దాన్ని మోసేవి గోడకు ఏటవాలుగా బిగించిన కర్ర బ్రాకెట్లు. స్తంభాలు పెడితే సామాన్ల బళ్ళకు అడ్డం కదా, అందుకని. ఆ చూరు కింద నిలబడితే ఎంత వానైనా మనిషి తడవడు. ఇవాళ కోట్ల డాలర్లు పోసి కట్టే ప్లాట్‌ఫాంల మీద ఆ పాటి చూరు ఎందుకు పెట్టలేకపోతున్నారో నాకెవరూ చెప్పలేదు.

కంపెనీ దగ్గర అచ్చు నమూనాలు ఉండేవి. ఊరి జనాభాను బట్టి ఫలానా నమూనా కట్టెయ్యమని ఉత్తర్వు వచ్చేది. ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు. దూరం నుంచి గోడ రంగు చూసి ఇది ఎవరి లైనో చెప్పేవారు. కొన్ని చోట్ల ఏజెంటు కుటుంబం మేడ మీదే కాపురం. ఊళ్ళోకి తంతి రావాలంటే ఆయన చేతి మీదుగానే. ఎన్నికల ఫలితం, ధాన్యం ధర, చావు కబురు ముందు తెలిసేది ఆయనకే. టైము కూడా అక్కణ్ణుంచే. 1883 నవంబరు 18న రైల్వే కంపెనీలన్నీ కలిసి దేశాన్ని కాలమండలాలుగా విడగొట్టి గడియారాలు సరిచేసుకునేదాకా ప్రతి ఊరికీ దాని సూర్యుణ్ణి బట్టి దాని టైము. ఆ తరువాత ఊళ్ళో అందరి గడియారాలూ స్టేషను గడియారం వెంటే నడిచాయి.

ఆగని రైలుకు ఆజ్ఞలు అందించే పద్ధతి చెబుతూ ఆ పెద్దాయన లేచి నిలబడి చెయ్యి చాపి చూపించేవాడు. కాగితం మీద రాసిన ఆర్డరును పొడవాటి కర్రకున్న వలయానికి తగిలించి, పట్టాల పక్కన నిలబడి ఎత్తి పట్టుకోవాలి. దూసుకుపోతున్న ఇంజనులోంచి డ్రైవరు చెయ్యి దూర్చి లాగేసుకుంటాడు. మన దగ్గర సింగిల్ లైన్ల మీద టోకెను రింగు అందించడం చూసినవాళ్ళకు ఆ దృశ్యం వెంటనే అర్థమవుతుంది. టపా సంచులదీ అదే తీరు. స్టేషను పక్కన ఇనపకొయ్యకు సంచి వేలాడేస్తే, పోతూ పోతూ తపాలా బోగీ కొక్కెంతో తన్నుకుపోయేది. ఆ బోగీలోనే గుమాస్తాలు నిలబడి, కదిలే రైల్లో ఉత్తరాలు ఊరూరికీ వేరు చేసేవారు.

ఇలాంటి ఊరి స్టేషన్లకు కూడా గొప్ప వాస్తుశిల్పులు పనిచేశారండీ. హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ అంటే ఆ కాలంలో ఈ దేశంలో మొదటి వరసలో ఉన్న పేరు. బోస్టన్‌లో ట్రినిటీ చర్చి కట్టినవాడు. ఆయన 1881 నుంచి 1886లో చనిపోయేదాకా బోస్టన్ అండ్ ఆల్బనీ రైల్వే కోసం చిన్నచిన్న శివారు స్టేషన్లు గీస్తూ వచ్చాడు. మొరటు గ్రానైట్ గోడలు, నేలను కప్పేసేటట్టు కిందికి దిగిన పెద్ద కప్పు, లోపల వెచ్చదనం. చుట్టూ తోటలు వెయ్యడానికి సెంట్రల్ పార్క్ రూపకర్త ఓమ్‌స్టెడ్ సాయం. రోజూ పనికి పోయివచ్చే గుమాస్తా నిలబడే చోటు కోసం దేశంలో పెద్ద వాస్తుశిల్పి కాగితం ముందు కూర్చున్నాడు. వాటిలో మొదటిది ఆబర్న్‌డేల్ స్టేషను. 1960ల్లో మసాచుసెట్స్ టర్న్‌పైక్ రోడ్డును బోస్టన్ దాకా పొడిగిస్తూ దాన్ని కొట్టేశారు. పామర్ ఊళ్ళోది మిగిలింది, అందులో భోజనశాల పెట్టారు.

తిండి సంగతి కూడా చెప్పాలి. శాంటా ఫే లైను మీద ఫ్రెడ్ హార్వీ 1876లో టొపీకాలో మొదలుపెట్టిన భోజనశాలలు పడమటి దాకా పాకాయి. రైలు అరగంట ఆగితే ఆ అరగంటలో పింగాణీ పళ్ళెంలో, తెల్లటి బట్ట పరిచిన బల్ల మీద వేడి భోజనం. ఇప్పుడు స్టేషన్లో మీటనొక్కితే పొట్లం పడే మిషను ఉంటుంది, అదీ పని చేస్తే.

నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా దిగిన నెలలోనే, తమ రాష్ట్రం కుర్రాళ్ళు ఉన్న సైనికుల రైలు వస్తోందని విని ఊరివాళ్ళు తిండీ కానుకలూ పట్టుకుని స్టేషనుకు వెళ్ళారు. రైలు వచ్చింది. చూస్తే అందులో ఉన్నది కన్సాస్ కుర్రాళ్ళు. ఒక్క క్షణం ఆగి, తెచ్చినవన్నీ వాళ్ళకే ఇచ్చేశారు. మరునాడు రే విల్సన్ అనే యువతి, ప్రతి రైలుకూ ఇలాగే చేద్దామని ఊరి పత్రికకు ఉత్తరం రాసింది. 1941 క్రిస్మస్ రోజున ఆ స్టేషన్లో క్యాంటీను మొదలైంది. 1946 ఏప్రిల్ 1 దాకా నడిచింది. సుమారు 12,000 జనాభా ఉన్న ఊరు, చుట్టుపక్కల పల్లెలను కలుపుకుని, రేషను రోజుల్లో తమ చక్కెర, తమ గుడ్లు తెచ్చి, 60 లక్షల మంది సైనికులకు కాఫీ, శాండ్‌విచ్, పుట్టినరోజైతే కేకు కూడా పెట్టింది. రైలు ఆగేది పది పదిహేను నిమిషాలు. డబ్బు తీసుకోలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు ముసలివాళ్ళయ్యాక కూడా ఆ పది నిమిషాలు తలుచుకుని కళ్ళు తుడుచుకున్నారు.

ఆ స్టేషను ఇప్పుడు లేదు. 1971లో ఆ ఊరికి ప్రయాణికుల రైలు ఆగిపోయింది. 1973లో కట్టడాన్ని కూల్చేశారు. 60 లక్షల మందికి అన్నం పెట్టిన గదిని కాపాడుకోవడానికి ఇంత సంపన్న దేశంలో ఎవరికీ చేతులు రాలేదు. ఏ గుడికి తక్కువది అది?

మా రోజుల్లో అంతా బంగారం అని నేననను. దక్షిణాది రాష్ట్రాల్లో పల్లె స్టేషనుకు రెండు గదులుండేవి, తెల్లవాళ్ళకొకటి, నల్లవాళ్ళకొకటి. నడుమ టికెట్ ఆఫీసు ఒకటే, డబ్బు మాత్రం ఇద్దరి దగ్గరా తీసుకునేవారు. ఆ గోడ కూడా నమూనా కాగితం మీద గీసిందే, ఏదో ఒక ఇంజనీరు కొలత వేసిందే. అంతర్రాష్ట్ర ప్రయాణికుల విషయంలో అది చెల్లదని అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ 1955 నవంబరులో తీర్పిచ్చింది. 1956 జనవరి నుంచి అమలు కావాలన్నది. చాలా చోట్ల అమలు చెయ్యలేదు, ఉద్యమకారులు దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి చేయించారు. పగలగొట్టాల్సింది ఆ గోడను. గోడ తీసేసి గది అందరికీ ఇవ్వాల్సిన సమయానికి గదినే లేకుండా చేశారు. ఎవరి పోరాటంతో ఆ తలుపు తెరుచుకుందో వాళ్ళు లోపల కూర్చునే వేళకు స్టేషన్లు మూతపడడం మొదలైంది. ఇది తలుచుకుంటే నాకు రెండింతల కోపం వస్తుంది.

ఎందుకు మూతపడ్డాయంటే కార్లొచ్చాయి, విమానాలొచ్చాయి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కొంత నిజమే. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది, రోడ్డుకు ప్రభుత్వం డబ్బు కుమ్మరించింది. విమానాశ్రయాలు ఊరు కట్టిచ్చింది. రైల్వే కంపెనీ మాత్రం తన పట్టాలు తనే వేసుకుని, తన స్టేషను తనే కట్టుకుని, దాని మీద ఊరికి పన్ను కట్టాలి. ఎంత పెద్ద స్టేషనైతే అంత పెద్ద పన్ను. పాడుబడిన స్టేషను కూల్చేసి కార్ల పార్కింగు చేస్తే పన్ను తగ్గుతుంది, అద్దె వస్తుంది. ఇక కంపెనీ ఏం చేస్తుంది? ఆఖరి దెబ్బ తపాలా శాఖది. 1967లో రైళ్ళలో ఉత్తరాలు వేరు చేసే బోగీలను చాలా వరకు రద్దు చేసి, టపాను లారీలకూ విమానాలకూ మళ్ళించారు. టపా డబ్బు మీద నడుస్తున్న రైళ్ళు వరసగా ఆగిపోయాయి. 1971 మే 1న ఆమ్‌ట్రాక్ వచ్చింది. ఆ ఒక్కరోజే దేశంలో మిగిలిన ప్రయాణికుల రైళ్ళలో దాదాపు సగం పోయాయి.

న్యూయార్కు పెన్సిల్వేనియా స్టేషను కథ మీకు తెలిసే ఉంటుంది. మెక్‌కిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థ రోమునగరపు కారకల్లా స్నానశాలలను మనసులో పెట్టుకుని గీసింది. 1910లో తెరిచారు. నగరంలో రెండు బ్లాకులంత మేర, చుట్టూ 84 గ్రానైట్ స్తంభాలు. 1963 అక్టోబరులో కూల్చడం మొదలుపెట్టారు. ఆ రాళ్ళలో చాలా భాగం న్యూజెర్సీ బురదనేలల్లో పోశారు. నేను 1969లో రైలెక్కింది దాని అడుగున మిగిలిన నేలమాళిగలోనే. నెత్తిన కుస్తీపోటీల, సంగీత కచేరీల హాలు, కింద తక్కువ ఎత్తు కప్పు, ట్యూబులైట్లు. పాత స్టేషనును కూల్చిన సిగ్గుతోనే 1965లో ఆ నగరం కట్టడాల రక్షణ చట్టం తెచ్చింది. ఆ చట్టం అండతోనే గ్రాండ్ సెంట్రల్ నిలిచింది. దాని నెత్తిన కూడా ఒక ఆకాశహర్మ్యం కడతామని పెన్ సెంట్రల్ కంపెనీ కోర్టుకెక్కితే, సుప్రీంకోర్టు 1978లో నగరం వైపు తీర్పిచ్చింది. జాక్వెలిన్ కెనడీ ఒనాసిస్ వంటివాళ్ళు వీధిలోకి వచ్చారు కాబట్టి అది మనకు దక్కింది. ఎవరూ వీధిలోకి రాని ఊళ్ళ సంగతేమిటి?

అట్లాంటా చూడండి. ఆ ఊరు పుట్టిందే రైలు లైను చివర. దాని మొదటి పేరే టెర్మినస్. అలాంటి ఊరు తన రెండు పెద్ద స్టేషన్లనూ 1972లో కూల్చేసుకుంది. ఇప్పుడక్కడ రైలెక్కాలంటే ఒకప్పుడు శివారువాళ్ళ కోసం 1918లో కట్టిన చిన్న స్టేషనే గతి. బర్మింగ్‌హామ్‌లో గుమ్మటాలున్న టెర్మినల్ 1969లో పోయింది. హ్యూస్టన్‌లో 1911 నాటి యూనియన్ స్టేషను కట్టడం ఉంది, బేస్‌బాల్ స్టేడియానికి ముఖద్వారంగా ఉంది. 70 లక్షలకు పైగా జనమున్న ఆ మహానగర ప్రాంతంలో దూరప్రయాణపు రైలు ఒక్కో వైపుకు వారానికి మూడు రోజులే, అదీ ఒక చిన్న కట్టడం దగ్గర ఆగి పోతుంది. అక్కడ మన తెలుగువాళ్ళు వేలమంది ఉన్నారు. ఆ ఊళ్ళో రైలుందని తెలిసినవాళ్ళను నేనింకా వెతుకుతున్నాను.

సిన్సినాటి మా కొలంబస్‌కు నైరుతిన రెండు గంటల దారి. అక్కడి యూనియన్ టెర్మినల్ 1933లో తెరిచారు. ముఖం మొత్తం ఒకే ఒక పెద్ద అర్ధగుమ్మటం, వెడల్పు 180 అడుగులు, ఎత్తు 106. రోజుకు 216 రైళ్ళ కోసం కట్టారు. లోపల వినోల్డ్ రైస్ గాజుముక్కలతో పొదిగిన చిత్రాలు. వాటిలో రాజులూ దేవతలూ లేరండీ. సబ్బులు చేసేవాళ్ళు, పియానోలు చేసేవాళ్ళు, ఉక్కు పోసేవాళ్ళు, ఆ ఊరి కార్మికులు మనిషెత్తును మించి గోడల మీద నిలబడి ఉండేవారు. గుమ్మటం అంచు ఒక పక్క నిలబడి గుసగుసలాడితే ఎదుటి అంచు దగ్గర ఉన్నవాళ్ళకు వినబడుతుంది. మా పిల్లలు చిన్నప్పుడు అక్కణ్ణుంచి కదిలేవాళ్ళు కాదు.

1972లో అక్కడ రైళ్ళు ఆగిపోయాయి. గూడ్సు రైళ్ళ మీద ఎత్తయిన పెట్టెలు పోవడానికి అడ్డమని, పట్టాల మీదుగా ఉన్న పొడవాటి హాలును 1974లో కూల్చేశారు. కార్మికుల చిత్రాలు 14 ఊడదీసి విమానాశ్రయానికి తరలించారు. అలా తరలించారు కాబట్టి అవి బతికాయి. గోడంత ప్రపంచపటం మాత్రం హాలుతోపాటే పోయింది. తరవాత కట్టడంలో దుకాణాల సముదాయం పెట్టారు, నడవలేదు. 1990లో మ్యూజియం పెట్టారు, అది బాగా నడుస్తోంది. 1991లో రైలు తిరిగొచ్చింది. కొన్నేళ్ళ కిందట ఎంతో ఖర్చు పెట్టి కట్టడాన్ని అద్దంలా బాగుచేశారు కూడా. అందుకు చేతులెత్తి దండం పెడతాను. కానీ రైలు? కార్డినల్ అనే ఒక్క రైలు, ఒక్కో వైపుకు వారానికి మూడు రోజులు, అటు పోయేదీ ఇటు పోయేదీ అర్ధరాత్రి దాటాకే. 216 రైళ్ళకు కట్టిన ఇంట్లో ఒక్క రైలుకు అర్ధరాత్రి దీపం పెడుతున్నారు.

పిట్స్‌బర్గ్‌లోనూ అంతే. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి తెలుగువాళ్ళం 1970ల నుంచీ వెళ్తున్నాం. వెళ్ళినప్పుడల్లా నేను దిగువన పట్టణంలోకి పోయి బర్నమ్ కట్టిన యూనియన్ స్టేషను ముందు కాసేపు నిలబడి వస్తాను. బళ్ళు వచ్చి తిరిగే చోట మట్టిపలకల అలంకారంతో ఒక గుండ్రటి మండపం ఉంది. దాని నాలుగు మూలల్లోనూ పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, షికాగో పేర్లు చెక్కి ఉన్నాయి. 1988 నుంచి పైన అంతస్తులన్నీ అద్దె ఇళ్ళు. రైలెక్కేవాళ్ళు ఆ మండపంలోంచి పోరు, కట్టడం పక్కన కింద ఒక మామూలు గదిలో కూర్చుంటారు. కట్టడం బతికింది, ప్రయాణికుణ్ణి వెనక గుమ్మానికి పంపారు.

ఈ మధ్య కొత్తవి కట్టడం లేదా అంటారు. కట్టారు. న్యూయార్కులో పాత పెద్ద పోస్టాఫీసును రైలుహాలుగా మార్చి 2021 జనవరి 1న తెరిచారు. గాజు కప్పు, వెలుతురు, ఎత్తు, అన్నీ బాగున్నాయి. తెరిచినప్పుడు పెద్ద హాల్లో మాత్రం కూర్చోవడానికి బల్ల పెట్టలేదు. టికెట్ ఉన్నవాళ్ళకు ఓ మూల వేరే గది, మిగిలినవాళ్ళు నేల మీద. ఇల్లూవాకిలీ లేనివాళ్ళు వచ్చి పడుకుంటారన్న భయంతో ప్రయాణికులందరినీ నిలబెట్టడం ఏ ధర్మమండీ? పాత స్టేషన్లలో ఓకు చెక్క బల్లలు ఎత్తయిన వీపులతో, పదేసిమంది వీపుకు వీపు ఆనించి కూర్చునేటట్టు ఉండేవి. ఫిలడెల్ఫియాలో 30వ వీధి స్టేషను ఇంకా నిలిచి ఉంది, అది ఆ ఊరి అదృష్టం. అక్కడ రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన 1,307 మంది రైల్వే ఉద్యోగుల పేర్ల మీద 39 అడుగుల కంచుదేవదూత నిలబడి ఉంటాడు. ఆ హాల్లో రైళ్ళ పేర్లు చూపే బోర్డు రేకులు టపటపమని తిరిగేవి. ఆ చప్పుడు వినగానే హాల్లో తలలన్నీ ఒక్కసారి పైకి లేచేవి. చూపు ఆననివాడికి కూడా రైలు సంగతి మారిందని తెలిసేది. 2019లో దాన్ని తీసేసి తెర పెట్టారు. తెర చప్పుడు చెయ్యదు.

న్యూజెర్సీలో ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళు రోజూ ఎక్కే మెట్రోపార్క్ 1971లో వచ్చింది. రైలుకు దగ్గరగా కారు పెట్టుకోవడం కోసమే పుట్టిన స్టేషను. రైళ్ళు బోలెడు, పని జరుగుతుంది, నేను కాదనను. కానీ అక్కడ దిగినవాడికి ఏ ఊళ్ళో దిగాడో తెలియదు. దానితో పోల్చి హొబోకెన్ టెర్మినల్ చూడండి, 1907 నాటిది, రాగి తొడుగు, వెయిటింగ్ హాలు కప్పు నిండా రంగు గాజు. అక్కడా రోజూ వేలమంది ఉద్యోగస్థులే నడుస్తారు, వాళ్ళకు ఆలస్యమేమీ కావడం లేదు. మన కాచిగూడ స్టేషను 1916 నాటిది. ఈనాటికీ ఆ గుమ్మటాల కిందినుంచే జనం రైలెక్కుతున్నారు. పాత కట్టడంలో కొత్త రైలు ఆగదని ఎవరన్నారు?

బాగుపడినవి లేవని కాదు. ఆరిజోనాలో విన్‌స్లో ఊళ్ళో మేరీ కోల్టర్ గీసిన, 1930లో తెరిచిన లా పొసాడా హోటలు 1957లో మూతపడింది. 1997లో కొందరు కొనుక్కుని ఓపిగ్గా బాగుచేశారు. ఇవాళ దాని ముంగిట రైలు ఆగుతుంది కూడా. అదీ నేననే మాట. డెట్రాయిట్‌లో మిషిగన్ సెంట్రల్ 1988లో మూతపడి పాడుబడి ఉండగా, 2018లో ఫోర్డు కంపెనీ కొని 2024లో తెరిచింది. జనం వేలాదిగా వెళ్ళి చూశారు, ముసలివాళ్ళు గోడలు తడిమి ఏడ్చారు. నేనూ వెళ్ళాను. హాలు కళకళలాడుతోంది. ఒక్క రైలూ ఆగడం లేదు.

మా కొలంబస్ కథ చెప్పి ముగిస్తాను. బర్నమ్ కమానుల వరుస చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో ఉండగానే, 1976 అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం, కోర్టులు మూసే వేళ చూసి యంత్రాలు తెచ్చి పడగొట్టారు. జనం అడ్డుపడి కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చేసరికి ఒక్క కమాను మిగిలింది. దాన్ని రాయి రాయి విప్పి తీసుకెళ్ళి ఒక పార్కులో నిలబెట్టారు. 1979లో ఊరికి రైలు కూడా ఆగిపోయింది. స్టేషను ఉన్న చోట సమావేశాల భవనం వచ్చింది. ఆ తరువాత, వినండి, 2004లో హై స్ట్రీట్ కింద పోయే రహదారి మీద వంతెన వేసి, దాని మీద దుకాణాలు కట్టి, వాటికి పాత స్టేషను కమానుల పోలిక పెట్టి, స్టేషను పేరే పెట్టుకున్నారు. అసలుదాన్ని కూల్చి దాని బొమ్మ కట్టుకున్నారు.

2010లో క్లీవ్‌లాండ్, కొలంబస్, డేటన్, సిన్సినాటిలను కలిపే రైలు కోసం కేంద్రం ఒహాయోకు 40 కోట్ల డాలర్లు ఇస్తానంది. కొత్తగా గెలిచిన గవర్నరు వద్దన్నాడు. ఆ డబ్బు వేరే రాష్ట్రాలకు పోయింది. 2023 డిసెంబరులో అదే దారిని కేంద్రం మళ్ళీ ప్రణాళికలో చేర్చింది. పిట్స్‌బర్గ్ నుంచి కొలంబస్ మీదుగా షికాగో పోయే దారిని కూడా చేర్చింది. అందుకు సభలు జరుగుతాయి, జనం మాట వింటారు. డబ్లిన్‌లో, పావెల్‌లో, వెస్టర్‌విల్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు నేను చెప్పేదొకటే. పిల్లల చదువులకు, గుడి పనులకు వచ్చినంతమంది ఆ సభలకూ రండి. రైలు కావాలని చెప్పండి. ఆపైన స్టేషను ఎలా ఉండాలో కూడా చెప్పండి. వాన తగలని చూరు, రాత్రి వెచ్చగా ఉండే గది, బదులు చెప్పే మనిషి, వీపు ఆనించుకోవడానికి బల్ల. టికెట్ ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే బల్ల.